చెంచా

బ్యూనస్ ఐరిస్‌లో, బెల్గ్రానో పేటలో,
జకరాండాలు ఊదాపూలు రాల్చే ఒక వీధిలో
పద్నాలుగంతస్తుల మేడకు నేను కాపలాదారుని.
దొంగల కోసం కాదు,
ఈ వీధికి దొంగలొచ్చినా గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు.
నేను కాసేది నిశ్శబ్దాన్ని.

ఆరింటికల్లా గుమ్మం పక్క కంచు బొత్తాలు తోముతాను.
పేర్లుండవు, అంకెలే.
ఏడు-బి మీద వేలిముద్ర పడి ఎన్నేళ్ళయిందో
నా గుడ్డకు తెలుసు.

మూరెడు మందం గోడలు, కిటికీలకు జంట అద్దాలు.
తలుపేస్తే నగరం నోరు మూసుకుంటుంది.
వీళ్ళు నెలనెలా డబ్బు కట్టేది దీనికే,
పక్కింటాయన దగ్గు వినపడకుండా ఉండడానికి.

నాకు మాత్రం చెత్త చెబుతుంది.
తొమ్మిదిలో జడ్జిగారు డాక్టరు వద్దన్న మిఠాయి తిని
కాగితాలు పేపర్లో చుట్టి పారేస్తారు.
పదకొండు-ఏలో భార్యాభర్తలు,
ఒకే రాత్రి రెండు హోటళ్ళ నుంచి
రెండు ఒంటి భోజనాలు.
మూడులో సెన్యోరా ఎర్మిండా ఉత్తరాలు చింపదు,
కత్తెరతో కోస్తుంది, నిలువుగా, రిబ్బన్లలా.
ఇవి ఎవరికీ చెప్పను.
నా జీతంలో సగం ఆ చెప్పకపోవడానికే.

జనవరి. ఇక్కడది నడివేసవి.
రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది.
జెనరేటరు రెండుసార్లు దగ్గి పడుకుంది.
అరగంట దాకా ఎవరూ కదల్లేదు.
ఈ మేడలో చీకటి కూడా
ఎవరో వచ్చి బాగుచేయాల్సిన వస్తువే.

ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు.
పదకొండేళ్ళుగా ఆ మెట్లెరిగింది
నన్నూ నా చీపుర్నీ.
కాఫీ కప్పులో కొవ్వొత్తి, చారల పైజమాలో జడ్జిగారు.
రెయిలింగు తడుముకుంటూ ఎర్మిండా:
"ఎవరది, మనుషులేనా?"
పన్నెండు నుంచి దంతవైద్యురాలు మిలాగ్రోస్
చంకలో మూడు థర్మాకోల్ డబ్బాలతో దిగింది,
నాలుగు కిలోల ఐస్‌క్రీం.
"కరిగిపోతోంది, తలో చెయ్యి వేయండి."

ప్లాస్టిక్ చెంచా ఒక్కింట్లోనూ లేదు.
వెండివే తెచ్చారు, వెల్వెట్ పెట్టెల్లోంచి తీసి.
చలువరాయి మెట్ల మీద కూర్చుని
ఒకే డబ్బాలో అందరూ.
జడ్జిగారు మూడోసారి వడ్డించుకుంటుంటే
పళ్ళ డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకుంది.
పదకొండు-ఏ వాళ్ళిద్దరికీ ఒకటే చెంచా,
మార్చి మార్చి తిన్నారు.
నాకూ పెట్టారు. "తీసుకో ఎవరిస్తో" అన్నారు.
చీకటి ఇచ్చిన ధైర్యమో, నోట్లో చల్లదనమో,
చెప్పేశాను:
ఎవరిస్తో నాకు ముందు పనిచేసి పోయినాయన.
నా పేరు సిరియాకో.
కాసేపు ఎవరి చెంచా కదల్లేదు.
ఆ తర్వాత ఎర్మిండా నవ్వింది, వెక్కిళ్ళొచ్చేదాకా.

రెండూ నలభైకి లైట్లు వెలిగాయి.
అందరూ ఒక్కసారిగా తమ పాదాలు చూసుకున్నారు.
లిఫ్టులో ఎనిమిది మంది పడతారు,
ఒక్కొక్కరే ఎక్కారు.

తెల్లారేసరికి మెట్ల మీద జిగురు, చీమల బారు,
మూడో మెట్టు అంచున ఒక చెంచా.
కాడ మీది అక్షరాలు అరిగి చదవడానికి రావు.
కంచుతో పాటే దాన్నీ తోమి
ఉత్తరాల పెట్టెల గట్టు మీద పెట్టాను.

మూడు వారాలైంది.
దాటేటప్పుడు ప్రతివాళ్ళ నడకా మెల్లబడుతుంది.
జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తారు.
ఎవరూ తీసుకోరు.
తీసుకుంటే ఆ రాత్రి అక్కడున్నట్టు ఒప్పుకోవాలి.

"శుభోదయం, ఎవరిస్తో" అంటారు,
అంకెలు వెలిగే చోటికేసి చూస్తూ.
నిన్న ఎర్మిండా మాత్రం
"సి..." అని ఆగింది.
అంతలో లిఫ్టు వచ్చింది.

చెంచాను నల్లబడనివ్వలేదు ఇంకా.